లెమ్యుయల్ హోగ్ ముద్ర వెయ్యని సిక్స్

ఎల్క్ మిల్స్‌లో ఇప్పటి కుర్రకారుని ఆపి డన్‌మైర్ కారంటే ఏమిటని అడిగితే, పాత మేయరెవరో అనుకుంటారు. మన ఊళ్ళో పద్దెనిమిదేళ్ళపాటు కార్లు తయారయ్యాయని చెబితే, ముసలాయన కోతలు కోస్తున్నాడని నవ్వుతారు. ఈ ఊరి ఒంటిగది బడిలో ఆరు తరగతులు చదివినవాణ్ణి. లెక్కల్లో నన్ను మించినవాడు లేడని మా టీచరమ్మ తన చేత్తో రాసిచ్చిన కాగితం ఇంకా నా దగ్గరుంది. కాబట్టి అంకెలు తప్పు చెప్పను.

1904లో వచ్చింది మోడల్ వన్. ఒకటే సిలిండరు. స్టీరింగు చక్రం లేదు, పడవ చుక్కానిలా కడ్డీ పట్టుకుని తిప్పుకోవాలి. గుర్రబ్బగ్గీలు చేసే షెడ్డులోనే, ఆ బగ్గీ చక్రాలతోనే చేశాం. 1906లో మోడల్ టూ, 1908లో మోడల్ ఫోర్, 1911లో సిక్స్, పెద్ద యుద్ధం రోజుల్లో లైట్ ఫోర్. కంపెనీ మూతపడేనాటికి మొత్తం నాలుగు వేల నూట పన్నెండు బళ్ళు. అందులో మూడు వేలకి పైగా బళ్ళ వెనక ఇరుసులు ఈ చేతులమీదుగా వెళ్ళినవే. కౌంటీ సంతలో మా ఫోర్‌కి రెండేళ్ళు వరసగా మొదటి బహుమతి, నీలం రిబ్బను వచ్చింది. ఆ రిబ్బను వచ్చిన బండి ఇరుసూ నాదే.

అయితే ఈ రాత నా గురించి కాదు. మా బావ లెమ్యుయల్ హోగ్ గురించి. నా భార్య లెటీకి సొంత అన్న. కంపెనీలో బళ్ళు పరీక్షించే మనిషి. కమ్మరి కొలిమి దగ్గర పుట్టి పెరిగాడు, సంతకం తప్ప ఇంకేదీ రాయలేడు. ఎడమ చెవి సగం వినపడదు. కుడి చెవికి చెక్కముక్క ఆనించుకుని, దాని రెండో కొస ఇంజనుకి తగిలించి వినేవాడు. ఏ సిలిండరు దగ్గుతోందో, ఏ బేరింగు వదులుగా ఉందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది.

మా పద్ధతి ఏమిటంటే, బాడీ బిగించకముందే ఉత్త చాసిస్ చట్రం మీద సీటుకి బదులు సబ్బుల పెట్టె కట్టి, బరువుకి వెనక పోత ఇనుము దిమ్మలు పేర్చి, మా బావ దాన్ని స్లేట్ కొండ ఎక్కించి తీసుకొచ్చేవాడు. బండి నచ్చితే సీటు కిందుండే పట్టీ మీద హెచ్ అన్న ఉక్కు ముద్ర పెట్టి, సుత్తితో ఒకే ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆ ముద్ర లేకుండా ఏ బండీ అమ్మకానికి గేటు దాటేది కాదు. రెండో దెబ్బ కొట్టగా నేనెప్పుడూ చూడలేదు.

స్లేట్ కొండ సంగతి మా వాళ్ళందరికీ తెలిసిందే. మా బళ్ళలో పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండేది. పంపు ఏమీ లేదు, పెట్రోలు దానంతటదే పల్లానికి జారి ముందున్న కార్బ్యురేటర్‌కి చేరాలి. నిటారు కొండ ఎక్కేటప్పుడు ముందుభాగం పైకి లేస్తుంది. ట్యాంకులో పెట్రోలు తక్కువుంటే ఇక చేరదు, ఇంజను చచ్చిపోతుంది. అందుకని ట్యాంకు ఇంజను కన్నా ఎత్తులో ఉండేలా కొండ కిందే బండిని తిప్పి, రివర్సు గేరులో వెనక్కి నడుపుతూ ఎక్కించేవాళ్ళం. ఎల్క్ మిల్స్‌లో అది ఎవరికీ వింత కాదు. ఆదివారం చర్చికి వెళ్ళే పాదిరిగారు కూడా మెడ వెనక్కి తిప్పుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని అలాగే ఎక్కేవారు.

ఇంకొకటి కొండకడ్డీ. వెనక ఇరుసుకి వేలాడే మొనదేరిన ఇనప కడ్డీ. ఎక్కేటప్పుడు దాన్ని కిందికి వదిలితే రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తుంది. బండి వెనక్కి జారిందంటే మొన నేలలో దిగబడి ఆపేస్తుంది. మా బ్రేకులు చక్రం డబ్బా చుట్టూ బిగుసుకునే పట్టీలు. బండి ముందుకి పోతుంటే గట్టిగా పట్టేవి, వెనక్కి జారుతుంటే వదులైపోయేవి. ఆ కడ్డీలన్నీ నేను సాగగొట్టినవే. ఒక్కటీ విరగలేదు.

సిక్స్ పెద్దమనుషుల బండి. మా యజమాని ఆగస్టస్ డన్‌మైర్ రెండేళ్ళు దాని మీదే పెట్టారు. 1911 జూన్‌లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కార్లు అమ్మే ఏజెంట్లని పదకొండు మందిని పిలిచారు. వాళ్ళు ఒప్పుకుంటే వేసవి తరవాత ఫ్యాక్టరీ నడుస్తుంది. మా బావ మాత్రం అప్పటికి రెండు వారాలుగా సిక్స్‌కి ముద్ర వెయ్యలేదు. ట్యాంకు మరీ కిందికి దిగేలా లోతుగా, వెడల్పుగా చేశారనీ, కాస్త తగ్గితే చాలు కొండ మీద ఆగిపోతుందనీ చెబుతూ వచ్చాడు.

ఆ రోజు పొద్దున్న షెడ్డు ముందే డన్‌మైర్‌గారు మా బావని పట్టుకున్నారు. సిక్స్ స్లేట్ కొండని ముందు మొహంతోనే ఎక్కాలన్నారు. కడ్డీ విప్పేయమన్నారు, అది వేలాడుతుంటే బ్రేకుల మీద నమ్మకం లేదన్నట్టు ఉంటుందట.

"కొండెక్కాక అందరి ముందూ ముద్ర వెయ్యి, లెమ్. వెయ్యనంటే సోమవారం నుంచి ఆ ముద్ర ఇంకొకరి చేతిలో ఉంటుంది" అన్నారు.

మా బావ కోటు జేబులో ముద్ర ఉంది. దాన్ని బయటికి తీసి చూసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. పదిహేడేళ్ళు ఆ యజమాని దగ్గర బగ్గీలకి చక్రాలు బిగించి, ఏడేళ్ళు కార్లు నడిపినవాడు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, సగం చెవితో, ఇంకెక్కడికి పోతాడు?

"ట్యాంకు నిండా ఉంటే ఎక్కిస్తాను. ముద్ర మాట పైకెళ్ళాక" అన్నాడు.

కడ్డీ విప్పింది నేనే. విప్పుతుంటే బావ నా పక్కన వంగి, "దగ్గర్లో పెట్టుకోవోయ్ జాస్పర్, ఈ పెళ్ళికొడుకు ఊరేగింపు అయ్యాక నాకు కావాలి" అన్నాడు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

పొద్దున్నంతా ఏజెంట్లని ఒక్కొక్కళ్ళనీ సిక్స్‌లో ఊరి చుట్టూ తిప్పాం. మధ్యాహ్నం భోజనాల్లో ఆలూ సలాడూ, హామూ, చెర్రీ పై పెట్టారు. తిన్నాక అందరూ కొండ కిందికి చేరారు. ట్యాంకు చూడమని బావ నాతో చెప్పాడు.

ఇక్కడ నా మాట చెప్పుకోక తప్పదు. ట్యాంకులో పెట్రోలు కొలవడానికి మాకు గాట్లు పెట్టిన కర్రలుండేవి. మోడల్‌కొకటి. షెడ్డు తలుపు పక్కన వరసగా మేకులకి వేలాడుతుండేవి. మూడేళ్ళుగా నా చెయ్యి వెళ్ళేది ఫోర్ కర్ర మేకు దగ్గరికే. ఆ రోజూ అక్కడికే వెళ్ళి, కర్ర అందుకుని, కొండ కిందికి వచ్చి, ట్యాంకులో ముంచి చూశాను. తడి నాలుగో గాటు మీదుంది. ఫోర్‌లో నాలుగో గాటంటే దాదాపు నిండు ట్యాంకు. సిక్స్ ట్యాంకు లోతెక్కువ, అదే తడికి అందులో సగం కూడా ఉండదని నేను ఆలోచించలేదు. లెక్కల్లో మొదటివాణ్ణి, ఆలోచించలేదు.

"ఇబ్బంది లేదు బావా, సరిపోతుంది" అన్నాను.

నా మాట మీద ఆయన బండెక్కాడు. పక్కన డన్‌మైర్‌గారు. వెనక కొలంబస్ నుంచి వచ్చిన పెద్ద ఏజెంటు వోర్హీస్, ఆయన భార్య. ఆవిడ టోపీని జాలీ గుడ్డతో గడ్డం కింద గట్టిగా కట్టుకుంది.

బండి కదిలాక కర్ర తుడుద్దామని చూస్తే పిడి దగ్గర నాలుగు చిన్న గీతలున్నాయి. సిక్స్ కర్రకైతే ఆరుంటాయి. ఆ గీతలు చెక్కిందీ నేనే. పరిగెత్తాను. అరిచాను కూడా. ఎడమ చెవి సరిగా వినపడని మనిషి, ఆరు సిలిండర్ల చప్పుడు. ఎక్కడ వింటాడు?

మొదటి వంపు దాటింది. కుడివైపు లోయ, అడుగున వాగు. ఎడమవైపు మట్టిగట్టు. మధ్యలో పలకరాయి తోలుకొచ్చే పాత బండిదారి ఒకటి ఎడమకి చీలి పైకి పోతుంది. బండి ఆ చీలిక దాటి ఇంకో ముప్పై గజాలు వెళ్ళింది. అప్పుడు ఇంజను దగ్గింది. ఒకసారి. రెండోసారి. బావ కింది గేరులోకి మార్చబోయాడు, గేరు ఇంకా పడకముందే ఇంజను చచ్చిపోయింది. అంత చప్పుడు ఆగిపోయేసరికి కింద వాగు నీళ్ళ శబ్దం పైదాకా వినపడింది.

బండి ఒక్క క్షణం నిలబడ్డట్టే ఉంది. తరవాత జారడం మొదలుపెట్టింది. బావ బ్రేకు లాగిన సంగతి ఆయన భుజం చూస్తే తెలుస్తోంది. పట్టీలు కీచుమన్నాయి, పట్టలేదు. చక్రాలు వెనక్కి తిరుగుతుంటే గేరు ఎక్కలేదు, పళ్ళు గొరగొరమన్నాయి. డన్‌మైర్‌గారు తలుపు మీద చెయ్యి వేశారు, దూకేద్దామనే. ఆ పక్కే లోయ. బావ ఆయన కాలరు పట్టుకుని సీటులోకి లాగాడు. మిగిలిన చేత్తో స్టీరింగు పట్టుకుని, మెడ పూర్తిగా వెనక్కి తిప్పాడు.

కొండని వెనక్కి నడుపుతూ ఏడేళ్ళు ఎక్కిన మనిషి ఆయన. వెనక్కి చూస్తూ బండి తిప్పడం మిగతావాళ్ళకి ఎలాగో గానీ, ఆయనకి అదే అలవాటు. చీలిక దగ్గరకొచ్చేసరికి బండి తోకని ఎడమకి, పలకరాయి దారిలోకి తిప్పాడు. వెనక చక్రం గట్టుని రాసుకుంటూ మట్టి పెళ్ళలు రాల్చింది. బండి ఒకవైపుకి ఒరిగింది. ఆ దారి ఎగువకి పోతుంది కాబట్టి బండి వేగం చచ్చి, మెల్లగా, ఇంకా మెల్లగా, ఆగింది.

నేను రొప్పుతూ చేరాను. నేనే ముందు నోరు తెరిచాను. ఫోర్ కర్ర పెట్టి కొలిచానని, తప్పు నాదని, డన్‌మైర్‌గారు వింటుండగానే చెప్పాను. బావ నా చేతిలో కర్ర వైపు చూసి, "చక్రాల కింద రాళ్ళు పెట్టు ముందు" అన్నాడు.

తరవాత శ్రీమతి వోర్హీస్‌ని దిగమన్నాడు. ఆవిడ టోపీ సర్దుకుంటూ, "పైదాకా తీసుకెళ్తామన్నారుగా. సగంలో దింపడం మీ కంపెనీ అలవాటా?" అంది. దిగలేదు.

బావ రాళ్ళు తీయించి, బండిని మెల్లగా జారనిచ్చి, ముక్కుని కొండ దిగువకి తిప్పుకుని నిలిపాడు. ముందుకి జారుతుంటే బ్రేకు చక్కగా పట్టింది. ముక్కు పల్లానికి రాగానే పెట్రోలు కార్బ్యురేటర్‌కి జారింది. నేను హ్యాండిల్ తిప్పాను, రెండో తిప్పుకి ఇంజను అందుకుంది. కింద పదిమంది ఏజెంట్లూ మెడలు సాచి చూస్తుండగా, పెద్దమనుషుల కోసం చేసిన సిక్స్, మా పాదిరిగారి బండి లాగే, తోక ముందుపెట్టుకుని స్లేట్ కొండ చివరిదాకా ఎక్కింది. నేను రెండు చేతుల్లో రెండు రాళ్ళు పట్టుకుని వెంట నడిచాను.

పైన డన్‌మైర్‌గారు దిగి, కోటు దులుపుకున్నారు. మొహం సున్నం కొట్టినట్టుంది. అయినా పొద్దున్న మాట వదల్లేదు. తప్పు కర్రదనీ, జాస్పర్ ఒప్పుకున్నాడనీ, బండికి ఏ దోషమూ లేదనీ, ముద్ర వెయ్యమనీ అన్నారు. నేను ఒప్పుకున్న తప్పే మా బావ మెడకి చుట్టుకుంటోంది.

బావ జేబులోంచి ముద్ర తీశాడు. దాన్ని డన్‌మైర్‌గారి చేతిలో పెట్టాడు.

"జాస్పర్ తప్పు చేశాడు, నిజమే. రేపు ఇంకొకడు చేస్తాడు. ఒకడు కర్ర మార్చినంత మాత్రాన నలుగుర్ని లోయలో పడేసే బండికి నా పేరు పెట్టలేను. ఇంకెవరి చేతైనా వేయించుకోండి, అయ్యగారూ."

సుత్తి సీటు మీద పెట్టి, కొండ దిగి నడవడం మొదలుపెట్టాడు. పాతిక అడుగులు వెళ్ళుంటాడు. వోర్హీస్ అప్పటిదాకా సిగారు వెలిగించుకోడానికి చూస్తున్నాడు, కొండగాలికి అగ్గిపుల్ల నిలవడం లేదు. దాన్ని పారేసి, "మిస్టర్ డన్‌మైర్, నేను కార్లు తీసుకుంటాను. ఆ మనిషి ముద్ర వేసినవే పంపండి. ఎన్నాళ్ళు పట్టినా సరే" అన్నాడు.

డన్‌మైర్‌గారు ముద్రని పిడికిట్లో బిగించారు. గర్విష్ఠి మనిషి, కేకేసి పిలవలేదు. స్వయంగా కొండ దిగి, మా బావని అందుకుని, ఆయన కోటు జేబులో ముద్రని పెట్టారు. ఇద్దరూ కలిసే కిందికి నడిచారు. ఏం మాట్లాడుకున్నారో బావ లెటీకి కూడా చెప్పలేదు.

సిక్స్ నాలుగు నెలలు ఆలస్యమైంది. డ్రైవరు పక్కన చిన్న చేతిపంపు పెట్టి, ట్యాంకులోకి గాలి కొట్టి, పెట్రోలుని ముందుకి తోసే ఏర్పాటు చేశారు. కొండకడ్డీ మళ్ళీ వచ్చింది, అదీ నికెల్ పూతతో, నేను సాగగొట్టిందే. ప్రతి బండికీ దాని కొలతకర్రని ట్యాంకు మూతకే గొలుసుతో కట్టెయ్యాలన్న ఆలోచన నాది. కావాలంటే ఏ సిక్స్ దగ్గరికైనా వెళ్ళి చూడండి, గొలుసుంటుంది. అక్టోబరులో మా బావ వరసగా పందొమ్మిది బళ్ళకి ముద్ర వేశాడు, ఒక్కోదానికి ఒక్కో దెబ్బ.

కొండ మీద జారిన ఆ మొదటి సిక్స్‌కి మాత్రం వెయ్యలేదు. దాన్ని డన్‌మైర్‌గారు అమ్మలేదు, చనిపోయేదాకా తనే వాడుకున్నారు. ఇప్పుడది ఆయన మనవడి దగ్గరుంది. మా బావ 1931లో పోయాక ముద్ర నా దగ్గరికి వచ్చింది. పోయిన వేసవిలో ఆ మనవడు వచ్చి, బండి ప్రదర్శనకి పెడుతున్నాననీ, ముద్ర నా దగ్గరే ఉందట కదా, ఒక్క దెబ్బ వేసిపెట్టమనీ అడిగాడు. వెళ్ళి సీటు ఎత్తి చూశాను. ముద్ర పడాల్సిన ఆ పట్టీ ఇంకా నున్నగానే ఉంది. వేలితో ఒకసారి తడిమి, సీటు మూసేసి, వెనక ఇరుసుకి గ్రీజు పెట్టి వచ్చేశాను.