సుబ్బరత్నం అత్తయ్య వేసిన హాజరు

ఎదురుపడ్డ మనిషిని ఎవరైనా బాగున్నావా అని అడుగుతారు. మా ఎదురింటి సుబ్బరత్నం అత్తయ్య మాత్రం "దొడ్డికి పొయ్యొచ్చావా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కారంపూడిలో మా వీధి దాటిన మగాడు లేడు. ఇలాంటి మనిషి ఇంకే ఊళ్లోనూ లేదని మాకు ఇప్పటికీ గర్వమే.

ఆ అడగటం కూడా వీధి చివరిదాకా వినపడేది. మా చెల్లెల్ని చూసుకోవడానికి నాదెండ్ల నుంచి పెళ్లికొడుకు వస్తే, మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి అతన్నీ అడిగింది. అతను వాళ్ల నాన్న వంక బిక్కమొహంతో చూశాడు.

"లేదండీ, పొద్దున్నే బస్సుందని..."

"అట్టయితే పిల్లని తర్వాత చూద్దువులే. ముందు వేన్నీళ్లు తాగు."

ఆ సంబంధమే కుదిరింది. దాపరికం లేని కుర్రాడని మా నాన్న మెచ్చుకున్నాడు.

అత్తయ్య భర్త చెన్నకేశవులు మామయ్య మా ఊరి పెద్దమనిషి. కాలవ నీళ్ల కోసం కర్రలెత్తినవాళ్లు కూడా ఆయన అరుగెక్కితే కూర్చుని మాట్లాడేవాళ్లు. ఎప్పుడో వచ్చిన కామెర్లు లోపలే ఉండిపోయి ఆయన లివరు గట్టిపడింది. ఒక్కోనాడు మాట తడబడేది, మనుషుల పేర్లు మరిచిపోయేవాడు. "మతి చెడిందని ఒక్కసారి పేరొస్తే ఇక నా గడప ఎవడు తొక్కుతాడ్రా," అన్నాడు ఓసారి నాతో. చావు కంటే ఆయనకు అదే పెద్ద భయం.

ఎనభై ఆరులో, నాట్ల కాలంలో, నీటి వంతు తగాదా వచ్చింది. ఎగువ ఊరివాళ్లూ దిగువ ఊరివాళ్లూ అరుగు నిండా కూర్చున్నారు. మామయ్య తీర్పు మొదలుపెట్టి ఎగువవాళ్లను దిగువవాళ్లన్నాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగా అత్తయ్య కొంగు దోపుకుంటూ బయటికొచ్చింది.

"ఏం తమ్ముడూ, దొడ్డికి పొయ్యొచ్చావా?" అంది ప్రెసిడెంటు వెంకట్రామయ్యతో.

"ఇదేందక్కయ్యా, పంచాయితీలో."

"పొయ్యావా లేదా?"

"పొయ్యొచ్చాలే."

వరసగా అందర్నీ అడిగింది. కర్రలు పట్టుకొచ్చినవాళ్లు కూడా బుద్ధిగా చెప్పారు. అరుగంతా నవ్వులే. చివరికి మామయ్య వంతొచ్చింది.

"నిన్నా లేదు, ఇవాళా లేదే," అన్నాడాయన, తనూ నవ్వుతూ.

"అట్టయితే లోపలికి రా. తీర్పు రేపు చెబుదువుగాని."

జనం వెళ్లిపోయారు. ఆయనకు సిరప్పు పోసి అత్తయ్య బయటికొచ్చేసరికి నేనూ ప్రెసిడెంటూ మిగిలాం. నలుగురిలో ఏంటీ అడగటం అన్నాను విసుగ్గా.

"గుంటూరు డాక్టరు చెప్పాడు. కింద తూము పూడితే నీళ్లు ఎదురుతన్ని కాలవ కట్ట ఊరదా? లివరు గట్టిపడితే రక్తం అట్టానే పేగుల వైపు ఎదురుతన్నుద్దంట. పేగు గోడలు ఉబ్బి, లోపలి మురికి రక్తంలోకి ఊరుద్దంట. దాన్ని కడగాల్సిన లివరేమో మూలనపడింది. ఆ మురికి తలకెక్కితే మాట తడబడుద్ది. అందుకే కడుపు రోజూ సాఫీగా కదలాల. కదలకపోతే సిరప్పు పొయ్యాల."

"మరి మామయ్యని అడిగితే సరిపోద్దిగా?"

"ఆయన్నొక్కణ్ణే చంటిపిల్లోణ్ణి అడిగినట్టు అడిగితే తలెత్తుకుంటాడా? ఊరందర్నీ అడిగితే ఆయన వంతూ వస్తది, నవ్వుతా చెబుతాడు. నన్ను పిచ్చిదంటే అననీ. ఆయన్ని మాత్రం ఎవరూ అనకూడదు."

ప్రెసిడెంటు తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ జనం చేరారు. అత్తయ్య గడప దాటకముందే ప్రెసిడెంటు లేచాడు.

"అక్కయ్యా, నేను పొయ్యొచ్చా."

"నేనూ," అన్నాడు పక్కవాడు. ఎగువవాళ్లూ దిగువవాళ్లూ వరసగా హాజరు పలికారు. చుట్టపుచూపుగా వచ్చిన మా నాదెండ్ల అల్లుడు వెనక నుంచి, "ఈసారి నేనూ పొయ్యొచ్చానండీ," అన్నాడు.

మామయ్య మీసం దువ్వుకున్నాడు. తలెత్తి అందరికంటే గట్టిగా, "నేను రెండుసార్లు," అన్నాడు.

ఆ తర్వాత తీర్పు చెప్పాడు. ఒక్క పేరూ తప్పలేదు.