దుర్గ కాలికి సెలవు

2024 అక్టోబరు. ఏలూరు శివార్లలో, వట్లూరు వైపు నా ఫిజియోథెరపీ క్లినిక్. పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్ దగ్గరపడుతున్నాయని పిల్లలంతా పరుగుల మీదే ఉన్న రోజులవి. ఈవెంట్స్ అంటే పరుగు, లాంగ్ జంప్ లాంటి శరీర పరీక్షలు. వాటిలో తప్పితే అంతవరకూ చదివిన చదువు గంగపాలే. మోకాళ్లు పట్టుకుని, మడమలు పట్టుకుని రోజూ నలుగురైదుగురు వచ్చేవాళ్లు.

అలా వచ్చింది దుర్గ. ఇరవై రెండేళ్లు, కొల్లేటి లంక పిల్ల. పక్కన వాళ్లమ్మ. కుడికాలి మోకాలి కింద ముందెముక నొప్పి అంది. పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది.

“ఎక్సర్‌సైజ్ ఎంత చేస్తున్నావమ్మా?”

“పొద్దున్న మూడు కిలోమీటర్లు, సాయంత్రం మూడండీ. ఆదివారం కూడానండీ.”

“ఆదివారం ఎందుకు?”

“ఒక్కరోజు మానేసినా దమ్ము పోద్దని మా ఊళ్లో అందరూ అంటారండీ.”

ఆ అందరూ దొరికితే నాలుగు దులిపేద్దును! ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. షిన్ స్ప్లింట్స్ అని తేల్చాను. ఎముకను అంటుకుని ఉండే కండరం దగ్గర వాపు అన్నమాట. పరుగు సగానికి తగ్గించమని, వారానికి రెండు రోజులు సెలవు తీసుకోమని చెప్పి పంపాను. ఇరవై ఏళ్ల అనుభవం, నా మాట మీద నాకు బోలెడు నమ్మకం.

మూడు వారాలకు కుంటుకుంటూ వచ్చింది. నాకు కోపం నషాళానికంటింది.

“నా దగ్గరా నీ నాటకాలు? చెప్పిన మాట వినకుండా నా చుట్టూ తిరిగితే ఏం లాభం?”

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లమ్మ అడ్డొచ్చింది. “ఒట్టండీ, పరుగు తగ్గించేసిందండీ. ఎలాగూ ఖాళీయే కదా అని పొద్దున్న మేత కూడా దానికే అప్పజెప్పామండీ.”

“మేతేమిటి?”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాళ్లది చేపల చెరువుల మీద పని. తౌడు మూట నెత్తిన పెట్టుకుని జారే గట్టు దిగాలి, పడవలోకి దించాలి. చెరువులో కర్రలకు వేలాడే చిల్లుల సంచులు ఒక్కొక్కటీ ఆ తౌడుతో నింపుకుంటూ పోవాలి. అలాంటివి నాలుగు చెరువులు. సాయంత్రం పూట మేత ఆ పిల్ల ఏళ్ల తరబడి వేస్తూనే ఉంది. ఇప్పుడు పొద్దుటిది కూడా చేరింది.

“ఇదంతా మొదటిరోజే చెప్పొద్దటమ్మా?”

“మీరు ఎక్సర్‌సైజ్ అడిగారు కదండీ,” అంది దుర్గ. “అది పనండీ.”

తప్పు పిల్లది కాదు, నాది. ఎముక మీద వేలితో నొక్కుతూ వస్తే ఒక్కచోట కెవ్వుమంది. ఎముకల డాక్టరుగారి దగ్గరికి పంపితే ఎమ్మారై తీయించారు. స్ట్రెస్ ఫ్రాక్చర్. దెబ్బ తగలకుండానే, విశ్రాంతి లేక ఎముకలో పడే సన్నటి చీలిక. ఆరు వారాలు పరుగు వద్దు, మూటలు అసలే వద్దన్నారు.

మర్నాడు వాళ్ల నాన్న సత్యంగారు వచ్చారు. “ఏవండీ, పరుగంటే మానేస్తదండీ. మేత మానేస్తే చేపలు ఊరుకుంటాయాండీ?”

“చేపలకు మీరున్నారు. ఆ కాలికి ఎవరున్నారండీ?”

“ఇన్నాళ్లు మానేస్తే నెగ్గుద్దాండీ మరి?”

“అది చెప్పలేనండీ. మానకపోతే మాత్రం ఆ చీలిక దగ్గర ఎముక కాస్తా విరుగుతుంది. అది రాసిస్తాను.”

“ఆయ్. అయితే మూటలు నేను చూసుకుంటానండీ,” అని లేచారు.

నొప్పి లేదని తేల్చుకున్నాకే దుర్గను క్లినిక్‌లో ఉన్నచోటే తొక్కే సైకిలెక్కించాను. దమ్ము పోతోందని రోజూ గొడవే. “దమ్మెక్కడికీ పారిపోదు, తొక్కు!” అనేదాన్ని. పైకి అలా అన్నా లోపల నాకూ గుబులే. ఏడో వారం నడక, ఎనిమిదో వారం రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. పరుగు పెట్టిన మర్నాడు తప్పనిసరిగా సెలవు. అలా వారం వారం పరుగు నిమిషాలు పెంచుకుంటూ పోయాం.

ఎంత ఎక్సర్‌సైజ్ చేస్తే ఎక్కువైనట్టు అని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. కిలోమీటర్లలో జవాబు నా దగ్గర లేదు. నిన్న లేచింది మొదలు పడుకునేదాకా ఏమేం చేశారో చెప్పమంటాను. బిందెలు మోసినా, బస్సులో నిలబడినా, అన్నీ ఆ ఒంటికే పడతాయి. ఒళ్లు తిరిగి కూడదీసుకునే వేళ లేకపోతే ఒక్క కిలోమీటరైనా ఎక్కువే. ఈ ముక్క నాకు నేర్పింది ఆ పిల్లే.

పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

“మేడంగారూ, పరుగు నెగ్గేశానండీ! ఇచ్చిన టైములో తొమ్మిది సెకన్లు ఇంకా మిగిలాయండీ!”

సంతోషం పట్టలేక క్లినిక్‌లో అందరికీ వినబడేలా అరిచాను. తర్వాత అడిగాను. “కాలెలా ఉంది?”

“నొప్పి లేదండీ.”

“మరి రేపేం చేస్తావు?”

“ఏమీ చెయ్యనండీ.”