నౌకరి రాలేదని రాయి

రాష్ట్రం విడిపోతున్న రోజులవి. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సులో కూర్చుని ఫేస్‌బుక్‌లో 'ఆంధ్రోళ్లంతా దొంగలు' అని రాస్తున్నాను. పక్క సీట్లోని గొర్ల కాపరి ఏం రాస్తున్నవని అడిగితే చదివి వినిపించాను.

"నీదేం దోసుకున్నరు?"

"నౌకరి రాలే."

"మరి గదే రాయి బిడ్డా. ఎండకాలం మేం కృష్ణ దాటి ఆళ్ల పొలాల్ల మంద పెడ్తం. ఎరువైతదని ఆ రైతులే పిలిసి బువ్వ పెడ్తరు. నువ్విట్ల తిడితే నేను ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

మునగాలలో ఆయన దిగిపోయాడు. నేను రాసింది చెరిపేసి, 'నాకు నౌకరి రాలేదు' అని మాత్రం పెట్టాను.

కోదాడ చేరేలోపు ఒకే ఒక్క కామెంటు వచ్చింది. ఇలాంటి నా రాతలు చూసి ఆర్నెల్లుగా నాతో మాట్లాడని తెనాలి స్నేహితుడిది.

"నాకూ రాలేదురా."

బస్సు దిగి, చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.