గంగులప్ప ఫ్యాన్ పెట్టె, మునెమ్మ పాట

అది 2005. మదనపల్లెలో బస్టాండు వెనక సందులో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఉండేది. ఇంటర్నెట్ సెంటర్ల వాళ్ళు వైరస్‌లు మోసుకొచ్చేవాళ్ళు. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు మాత్రం ఎప్పుడొచ్చినా ఒకటే పాట పాడేవాళ్ళు: "అన్నా, జాగా సాలడం లేదు."

వాళ్ళ కష్టం నిజమే. క్యాసెట్టులో ఉన్న పెళ్ళిని కంప్యూటర్లోకి ఎక్కిస్తే అది హార్డ్ డిస్కులో సగం జాగా తినేస్తుంది. అందుకని బయట పెట్టుకునే డిస్కు కావాలి. మామూలు హార్డ్ డిస్కును ఒక పెట్టెలో బిగించి, దానికి విడిగా కరెంటు ఇచ్చి, వైరుతో కంప్యూటరుకు తగిలిస్తే సరి. ఆ పెట్టెను ఎన్‌క్లోజర్ అంటాం. డిస్కు తిరుగుతున్నంతసేపూ వేడెక్కుతుంది. మూసిన పెట్టెలో ఆ వేడి ఎటూ పోలేదు. కొన్ని పెట్టెలకు వెనకవైపు బుల్లి ఫ్యాన్ పెడతారు, అది లోపలి వేడిగాలిని బయటికి తోస్తుంది. దాన్నే యాక్టివ్ కూలింగ్ అని గొప్పగా చెప్పుకుంటారు.

బెంగళూరు డీలరు అలాంటి పెట్టె ఒకటి శాంపిలుగా పంపాడు. నేను పరీక్షించని వస్తువును నా షాపులో అమ్మను. మా ఆవిడ దీన్ని చాదస్తం అంటుంది, అననీ. మే నెల ఎండలో, షాపు రేకుల కింద, ముందు ఫ్యాను వైరు పీకేసి పెద్ద పెద్ద ఫైళ్ళు కాపీ చేశాను. కాసేపటికి పెట్టె మీద చెయ్యి పెట్టలేకపోయాను. తర్వాత ఫ్యాను తగిలించి అదే పని చేశాను. పెట్టె గోరువెచ్చగా ఉండిపోయింది. ఒకటే చికాకు, అది పని చేస్తున్నంతసేపూ చెవి దగ్గర జోరీగలాగా గుయ్యిమంటుంది. చప్పుడు భరించగలిగితే పెట్టె బంగారం అని తేల్చి, మొదటిదాన్ని పుంగనూరు గంగులప్పకు అమ్మాను.

గంగులప్ప పెళ్ళిళ్ళకు వీడియో తీసి, ఇంట్లోనే మిక్సింగ్ చేస్తాడు. మిక్సింగ్ అంటే పెళ్ళికూతుర్ని తామరపువ్వులోంచి పైకి లేపడం, పెళ్ళికొడుకును చందమామలో కూర్చోబెట్టడం, మొత్తం మీద సినిమా పాటలు వేయడం. మంచివాడు, నోరు కొంచెం పెద్దది. పెట్టె కొన్న కొద్దిరోజులకే దాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు.

"ఏమన్నా, ఇట్లాంటిది ఇచ్చినావు? పని మధ్యలో టక్కు టక్కు అని సచ్చిపోతాండాది!"

నేను అతని ముందే తగిలించి చూపించాను. కాపీ చేశాను, పాట వేశాను, ఫ్యాను దగ్గర కాగితం ముక్క పెడితే రెపరెపలాడింది. పెట్టె కిక్కురుమనకుండా పని చేసింది.

"ఈడ బాగానే ఉండాదే!" అన్నాడు గంగులప్ప, నా మీదే అనుమానం వచ్చినట్టు.

ఏదో వైరు వదులై ఉంటుందని కొత్త వైరు ఇచ్చి పంపాను. మళ్ళీ వచ్చాడు. కరెంటు ఇచ్చే అడాప్టరు మార్చాను. మళ్ళీ వచ్చాడు. వాళ్ళింట్లో వోల్టేజీ సరిగా లేదేమోనని స్టెబిలైజరు పెట్టించాను. ఊహూఁ. పెట్టె విప్పి డిస్కును తీసి, తుడిచి, మళ్ళీ బిగించాను. నా బల్ల మీద అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని చేసేది. పుంగనూరు పోయిందంటే అలిగి పడుకునేది. వీధిలో పులి, ఇంట్లో పిల్లి అన్నట్టు తయారైంది దాని వ్యవహారం. ఇన్నేళ్ళ పనిలో చెడిపోయిన వస్తువును బాగుచేశాను గాని, బాగున్న వస్తువును ఎట్లా బాగుచేయాలో నాకు తెలిస్తే కదా! డిస్కుదా, పెట్టెదా, కంప్యూటరుదా, కరెంటుదా తప్పు? రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచన. మా ఆవిడ రసం బదులు మజ్జిగ పోసినా నాకు తెలియలేదు.

"దిష్టి తగిలిండాది అంటాది మా ఇంటామె," అన్నాడు గంగులప్ప ఒకరోజు. చూద్దును కదా, పెట్టెకు కుంకుమ బొట్టు, వైరుకు నిమ్మకాయ కట్టి ఉన్నాయి. నవ్వాలనిపించలేదు. అంతకన్నా మంచి కారణం నా దగ్గరా లేదు మరి.

ఇట్లా ఉండగా ఒక పొద్దున ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఉండే పెద్దనోరు లేదు.

"అన్నా, ఒకతూరి నువ్వే పుంగనూరుకు రావాల. కుప్పం నుంచి సరోజక్క వచ్చిండాది. వాళ్ళ బిడ్డ పెండ్లి ఆ పెట్టెలోనే ఉండాది. పెట్టె లేసేది లేదు."

"పెళ్ళి సీడీ ఇచ్చేశావు కదప్పా?"

"ఇచ్చినా. ఆమెకు కావల్సింది సీడీ కాదు."

ఫోన్‌లో నాకు ముక్క అర్థం కాలేదు. పెట్టెను ముట్టుకోవద్దని, బస్సులో కుదిపి తేవద్దని చెప్పి, ఖాళీ డిస్కు ఒకటి సంచిలో పెట్టుకుని నేనే బస్సెక్కాను.

గంగులప్ప ఇంటి వసారాలో సరోజమ్మ కూర్చుని ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. కుప్పం పక్కన పల్లెలో మల్బరీ తోట, పట్టుపురుగుల సాగు. ఆమె కూతురి పెళ్ళికే గంగులప్ప వీడియో తీశాడు. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"అప్పా, నువ్వేనా మిషన్లు బాగుచేసే ఆయప్ప? మా అమ్మ మునెమ్మ అని, మా పక్క ఏ పెండ్లి జరిగినా ఆమెదే పాట. నలుగు పెట్టేటప్పుడు, హారతిచ్చేటప్పుడు ఆమె నోరు తెరిస్తే నాదస్వరమోళ్ళు కూడా నిలిపేసి వింటారు. నాకు పాట రాదప్పా, అంతా మా అమ్మే. నా బిడ్డ పెండ్లిలోనూ ఆమే పాడింది. ఆ పెండ్లయినాక గొంతులో గడ్డ అని రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసకపోతే, ప్రాణం నిలిపినారు గాని గొంతు పోయింది. ఇప్పుడు మాట లేదు, సైగలే." పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "సీడీ వేసి సూపిస్తే ఏముంది? మా అమ్మ నోరు కదలతాండాది, పైన సినిమా పాట వినిపిస్తాండాది! ఆమె సూసి సూసి టీవీ ఆపేయమని సెయ్యి ఊపింది."

గంగులప్ప తల వంచుకున్నాడు. "అందరికీ సినిమా పాటలే కావాలన్నా. ముసిలోళ్ళ పాట ఉంటే ఇదేం మిక్సింగ్ అంటారు."

"మరి క్యాసెట్టు?"

"దాని మీద ఇంకో పెండ్లి తీసేసినా."

తప్పు పట్టడానికి లేదు, ఆ పనిలో అందరూ అంతే. క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించుకుని, అదే క్యాసెట్టును మరుసటి ముహూర్తానికి వాడతారు. అంటే మునెమ్మ గొంతు ఈ లోకంలో ఒకే ఒక్క చోట ఉంది. నేను పరీక్షించి, బంగారం అని చెప్పి అమ్మిన పెట్టెలో.

లోపలికి పోయి స్విచ్చి వేశాను. మీరు నమ్మరు, పెట్టె శుభ్రంగా లేచింది! గుయ్యిమని ఫ్యాను తిరిగింది. ఫైళ్ళన్నీ కనబడ్డాయి.

"పొద్దున దాకా సచ్చిండె గదన్నా!" అని గంగులప్ప నోరు తెరిచాడు. "నిన్ను సూస్తే దానికి బయ్యం."

నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. ఎందుకు చచ్చిందో తెలియదు, ఎందుకు బతికిందో కూడా తెలియదంటే, మళ్ళీ ఎప్పుడు చస్తుందో దేవుడికే ఎరుక. నా ఖాళీ డిస్కు తగిలించి కాపీ మొదలుపెట్టాను. పెద్ద ఫైలు, నత్తలాగా కదులుతోంది. గంగులప్ప భార్య రాజమ్మ అన్నానికి లేవమని ఒకటే పోరు.

"ఆయమ్మ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మీరు రాకుంటే ఆమె రాదు. లేయన్నా, సంగటి సల్లారిపోతాది."

వంటింట్లో రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగలు నూరిన పచ్చడి. నా మనసంతా పక్క గదిలోనే ఉంది, కానీ ఆ ఊరుబిండి రుచి చెప్పకుండా ఉండలేను. సరోజమ్మ మాత్రం ముద్ద పట్టుకుని తలుపు వైపే చూస్తోంది. రాజమ్మ వడ్డించి లోపలికీ బయటికీ తిరుగుతోంది. చెయ్యి కడుక్కుంటుండగా వినబడింది. టక్కు. టక్కు. టక్కు.

పరుగెత్తాను. తెరమీద కాపీ ఆగిపోయి ఉంది. పెట్టె కోసం చూస్తే పెట్టె లేదు! దాని చోట పువ్వుల గుడ్డతో, లోపల దూది కుట్టిన చిన్న బొంతలాంటిది ముద్దగా కూర్చుని ఉంది. వెనక వైరు మటుకు బయటికి రావడానికి చక్కగా కాజా కుట్టి ఉంది.

"ఇదేందమ్మా?"

"మీద కప్పేదన్నా," అంది రాజమ్మ, ఇంత కూడా తెలియదా అన్నట్టు. "టీవీకుండాది, మిక్సీకుండాది, దీనికి మాత్రం యాల వద్దు? అది గుయ్యిమంటాంటే మిక్సింగులో ఈయప్పకు పాటలు వినపడవు. ఈ పొద్దు ఆ ముసిలమ్మ పాట వినల్ల గదా. సప్పుడు వినపడకూడదని కొన్నప్పుడే దూది పెట్టి కుట్నా."

ఆ బొంత లాగి పెట్టె మీద చెయ్యి వేశాను. దోసె పెనం! బొంత గుడ్డ ఫ్యాను వెనకకు అతుక్కుని, గాలి పోయే దారంతా మూసేసింది. ఇన్నాళ్ళూ నేను వైరు మార్చాను, అడాప్టరు మార్చాను, నిమ్మకాయను కూడా తీసిపారేయకుండా ఉంచాను!

"మరి నా షాపుకు తెచ్చినప్పుడు ఈ కప్పు ఎప్పుడూ చూడలేదే?"

"బస్సులో మాసిపోదా? ఇంట్లోనే తీసిపెడతా," అంది. "ఈ పొద్దు నువ్వు వస్తాండావని కప్పులన్నీ ఉతికి ఆరేసినా. ఇప్పుడే ఎండినాయి."

గంగులప్ప భార్య మీద విరుచుకుపడబోయాడు. నేను ఆపాను. తిట్టడానికి అక్కడ ఎవరున్నారు? పాట వినబడాలనే ఆమె కప్పింది. ఆ కప్పే పాటను చంపుతోంది. నాకు కోపం రావాలో, దండం పెట్టాలో తోచలేదు. రాజమ్మ ముఖం వాడిపోయింది.

"నేనే పోగొట్నా అన్నా?" అంది.

"ఉండమ్మా, చల్లారనీ," అన్నాను. అంతకుమించి చెప్పే ధైర్యం లేదు. కరెంటు తీసేసి, పెట్టె విప్పి, డిస్కును గచ్చు మీద ఒక చెక్క పెట్టి దానిమీద ఉంచాం. నలుగురం చుట్టూ కూర్చున్నాం. రాజమ్మ విసనకర్ర తెచ్చి, జొరం వచ్చిన బిడ్డకు విసిరినట్టు డిస్కుకు విసరసాగింది. వద్దనలేదు నేను.

మళ్ళీ బిగించి స్విచ్చి వేస్తే లేచింది. ఈసారి నేను అక్కడినుంచి కదలలేదు. కాపీ సాగింది, ఒకచోట చాలాసేపు ఆగింది, మళ్ళీ సాగింది. అయ్యాక వేసి చూశాం. పసుపు పూసుకున్న పెళ్ళికూతురు, పక్కన ముసలావిడ. గొంతు ఖంగున మోగింది. సరోజమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పాట మధ్యలో బొమ్మ నిలిచిపోయి, ఒక చరణమంత సేపు చప్పుడు లేదు. తర్వాత మళ్ళీ గొంతు వచ్చింది. వేడికి డిస్కులో ఆ ముక్క పాడైపోయింది. నాకు తెలిసిన ప్రతి ఉపాయమూ చేశాను. ఆ చరణం రాలేదు.

మిగిలిన పాటను సినిమా పాట తగలని సీడీగా చేసి, గంగులప్పా నేనూ కలిసి కుప్పం తీసుకుపోయాం. పోస్టులో పంపొచ్చు. కానీ ఆ ముక్క ఎందుకు లేదో ముఖం చూసి చెప్పాలనిపించింది.

మునెమ్మ వసారాలో పట్టుగూళ్ళు ఏరుతోంది. మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉంది. సరోజమ్మ ముందే చెప్పింది, "మజ్జలో కొంచిం పోయిండాదమ్మా." ఆమె తలూపింది. పాట మొదలైంది. ముసలావిడ తన గొంతు తాను వింటూ కళ్ళు మూసుకుని, తొడమీద తాళం వేసింది. నేను మాత్రం ఆ చోటు వస్తోందే, వస్తోందే అని టీవీ వైపే చూస్తూ కూర్చున్నాను.

వచ్చింది. చప్పుడు ఆగిపోయింది. మునెమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు, తాళం పడుతూనే ఉంది. అప్పుడు సరోజమ్మ సన్నగా, వణుకుతూ, ఆ చరణం పాడింది. "నాకు పాట రాదప్పా, అంతా మా అమ్మే" అని పుంగనూరులో నాతో అన్న మనిషి. ఎక్కడో ఒక మాట తడబడింది. అంతలో సీడీలో మునెమ్మ గొంతు తిరిగి అందుకుంది.

ఆ తర్వాత ఎవరు ఏ మిషను తెచ్చినా నేను ముందు వైరు చూడను. "ఇంట్లో దీన్ని ఎట్లా చూసుకుంటారు?" అని అడుగుతాను. నిర్లక్ష్యం వల్ల చెడిన మిషన్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. ముద్దు చేసి చెడగొట్టినవి అంతకు తక్కువేమీ కాదు. బల్ల మీద చేసే పరీక్షలో రాజమ్మ బొంత ఉండదు, అందుకే ఆ పరీక్ష సగమే.

ఆ రోజు కుప్పంలో పాట అయిపోయింది. మళ్ళీ వేయమంటుందేమోనని గంగులప్ప రిమోట్ ఎత్తాడు. మునెమ్మ వద్దని చెయ్యి ఊపింది. కూతురి వైపు తిరిగి, తడబడిన ఆ మాట తప్పన్నట్టు వేలు ఆడించి, మళ్ళీ పాడమన్నట్టు తొడమీద మొదటినుంచి తాళం మొదలుపెట్టింది.