ఐదోక్లాసు ఖాతా

ఓవర్సీరు గారి భార్య ముప్పై ఒక్క ఏళ్లు అచ్చాఫీసులో బైండింగు పని చేసింది. అచ్చయిన పెద్ద కాగితాన్ని పదహారు పేజీల ఫారంగా మడవడం, ఫారాలు వరసగా పేర్చడం, నడుముకి దారం వేసి కుట్టడం ఆమె పని. చదివింది ఐదో తరగతి. మడిచే ప్రతి కాగితం మీదా కన్ను పడేది కాబట్టి లోకంలోని శాస్త్రాలన్నీ ఆమెకి ముక్కలు ముక్కలుగా వచ్చు. గుండె ఎలా కొట్టుకుంటుందో నలభై ఎనిమిదో పేజీ దాకా చెప్పగలదు. ఆ తరవాతి ఫారం పక్క బల్ల ఆమె మడిచింది.

భర్త మంచినీళ్ల సరఫరాలో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యాడు. అజమాయిషీ చెయ్యడానికి మనుషులు లేక నాలుగు నెలలు ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి ఇంటర్నెట్టులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అనే విజ్ఞాన సర్వస్వం ఒకటుందని కనిపెట్టాడు. ఊరికే రాస్తారట, పేరు కూడా పెట్టుకోరట. ఇందులో ఏదో మతలబు ఉందని ఆమెకి మొదటి రోజే అనుమానం వచ్చింది. పేరు రాదంటే మగవాళ్లు ఇంత పొద్దున్నే లేస్తారా?

ఒకరోజు ఆయన భుజం మీదుగా చూస్తే 'పుస్తకాల బైండింగు' అనే వ్యాసం కనపడింది. పేజీలను జిగురుతో అంటిస్తారని రాసి ఉంది. కుట్టు అన్న మాటే లేదు. సరిచెయ్యమంది. ఆయన కళ్లజోడు పైకి తోసి, ఆధారం ఏదని అడిగాడు. ముప్పై ఒక్క ఏళ్లు సూదులు గుచ్చుకున్న వేళ్లు చూపించింది. వేళ్లు ఆధారం కిందికి రావన్నాడు. ఆ సాయంత్రమే ఆమె సొంత ఖాతా తెరిపించుకుంది. పేరేం పెట్టమంటావని ఆయన వెటకారంగా అడిగితే, "ఐదోక్లాసు అని పెట్టండి" అంది. పెట్టాడు. పాస్‌వర్డూ ఆయనే పెట్టి, మళ్లీ మళ్లీ కొట్టే పని లేకుండా కంప్యూటరులోనే దాచాడు. ఈ ఖాతా ఎవరిదో బయట ఎక్కడా చెప్పకూడదని ఆమె ఒట్టు వేయించుకుంది. చెబితే, ఆవిడ పేరు మీద ఆయనే రాస్తున్నాడంటారు. ఆ మాట పడే మనిషి కాదు.

ఎనిమిదేళ్లలో ఐదోక్లాసు పదకొండు వేల దిద్దుబాట్లు చేసింది. సూది, దారం, సిరా, చెదలు, గొడుగు, ఏ వ్యాసంలో తప్పు కనపడితే అక్కడ చెయ్యి పెట్టింది. తోటివాళ్లలో ఆమెకి బాగా దగ్గరైంది తాళాలాయన. నిజంగానే తాళాలు బాగుచేసే మనిషి, యాభై ఏళ్లుంటాయి. పనిలో పడి ప్రతి తలుపూ బద్దలయ్యేదే, ప్రతి మనిషీ బద్దలుకొట్టేవాడే అన్న దృష్టి వచ్చేసింది. 'తాళం' వ్యాసం మీద ఇద్దరూ పందొమ్మిది రోజులు పోట్లాడుకున్నారు. ఇరవయ్యో రోజు ఆయన, మీలాంటి గడుసు మనిషితో పనిచెయ్యడం నా అదృష్టం అని రాశాడు. అప్పటినుంచి పొద్దున్నే ఒకరి తప్పులు ఒకరు ఏరుకుని పళ్లు తోముకున్నంత హాయి పడేవారు. అంత స్నేహంలోనూ ఆయనకొక అనుమానం ఉండేది. ఐదో క్లాసు చదివినవాళ్లు ఇలా రాయరు, ఇదెవరో ప్రొఫెసరు ముసుగేసుకున్నాడని నలుగురి దగ్గరా అనేవాడు. ఆమె చదువుకుని లోపల్లోపల మురిసిపోయేది, బదులిచ్చేది కాదు. ఆ బదులివ్వకపోవడమే కొంప ముంచింది.

గొడవ పెద్ద ఇంజనీరు దగ్గర మొదలైంది. ఓవర్సీరు తన పాత పైఅధికారి మీద ఒక వ్యాసం రాశాడు. వరదలో పంపుహౌసు మునిగిపోతుంటే ఈ పెద్ద ఇంజనీరు మూడు రోజులు నడుములోతు నీళ్లలో నిలబడి కాపాడాడని అందులో ఉంది. ఆధారంగా చూపించింది ఆయన రిటైరైనప్పుడు వేసిన వీడ్కోలు సంచిక ఒక్కటే. తాళాలాయన దాని మీద తొలగింపు చర్చ పెట్టాడు. ఏడు రోజుల్లో ఎవరి అభిప్రాయం వాళ్లు కారణంతో సహా రాయాలి, మనిషికి ఒక్కసారే. ఒకే మనిషి రెండు ఖాతాలతో రెండుసార్లు రాస్తే దొంగతనం కంటే హీనంగా చూస్తారు.

ఆమె ఆ వారమంతా ఆ చర్చలో ఏమీ రాయలేదు. ఆ సంచికని మడిచి కుట్టింది తనే. పేరు లేకుండా వచ్చిన ఆ రాతప్రతి తన మొగుడి దస్తూరీయే. పైగా ఆ మూడు రోజులూ పెద్ద ఇంజనీరు మేడ దిగలేదు. నీళ్లలో నిలబడింది ఎవరో బురద ప్యాంట్లు ఉతికిన మనిషికి తెలియదా? తను చేసిన పని పైవాడికి అంటగట్టి, అది తనే రాసి, ఇరవై ఏళ్ల తరవాత తన రాతనే ఆధారంగా చూపిస్తున్నాడు. తొలగించాలని రాస్తే మొగుడి పరువు, ఉంచాలని రాస్తే తన పరువు. అందుకని నోరు కట్టేసుకుంది.

చర్చ ముగిసేసరికి ఉంచాలన్నవాళ్లు నలుగురు, వద్దన్నవాళ్లు ముగ్గురు అయ్యారు. వ్యాసం నిలిచింది. ఆమె అటువైపే వెళ్లలేదు.

మర్నాడు తాళాలాయన అందరూ చూసే పుటలో పెద్ద అభియోగం పెట్టాడు. ఐదోక్లాసూ ఓవర్సీరూ ఒకే మనిషి అన్నాడు. మూడేళ్ల పట్టిక తయారుచేశాడు. ఇద్దరూ ఒకే నిమిషంలో ఎన్నడూ రాయలేదు. ఒకరు ఆపాక ఇంకొకరు మొదలుపెడతారు. కరెంటు పోయినప్పుడు ఇద్దరూ ఒకేసారి మాయమవుతారు. పైవాళ్లు సాంకేతికంగా పరిశీలించి, రెండు ఖాతాలూ ఒకే కంప్యూటరు నుంచి నడుస్తున్నాయని తేల్చారు. ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటరే మరి. నిన్నటిదాకా ఐదోక్లాసు గారూ అని పిలిచినవాళ్లు 'ఆ దొంగ ఖాతా' అని రాయసాగారు. ఒకాయన ఆమె పాత దిద్దుబాట్లన్నీ మొదటినుంచీ తనిఖీ చెయ్యాలన్నాడు. పదకొండు వేలూ!

ఆమెకి అన్నం సయించలేదు. ఇదంతా తాళాలాయన ఓర్వలేనితనమే అనుకుంది. పందొమ్మిది రోజుల పోట్లాటలో ఓడిన కక్ష ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాడనుకుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం లైబ్రరీ మేడ మీద వీళ్లంతా కలుసుకుంటారు. ఎప్పుడూ మొగుడొక్కడే వెళ్లేవాడు. ఈసారి తను వెళ్లి, ఇదిగో ఐదోక్లాసు, ముట్టుకుని చూసుకోండి అనాలని నిశ్చయించుకుంది. మాట్లాడే ముందు అంతా పూర్తిగా చదవాలి కదా అని, గొడవకి మూలమైన ఆ తొలగింపు చర్చ పుట తెరిచింది.

అందులో తన పేరు ఉంది. 'ఉంచాలి. ఆధారం నమ్మదగినది. - ఐదోక్లాసు.'

మొదట కళ్లు మోసం చేస్తున్నాయనుకుంది. మార్పుల చరిత్ర నొక్కింది. అక్కడ ఎవరు ఏం చేశారో నిమిషంతో సహా ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. శుక్రవారం, పదకొండూ ఇరవై. లేచి ముందుగదిలోకి వెళ్లింది. ఓవర్సీరు పేపరు చదువుతున్నాడు.

"శుక్రవారం పొద్దున పదకొండూ ఇరవైకి నేనెక్కడున్నానండీ?"

"కంటి ఆసుపత్రిలో. మీ చెల్లెలితో వెళ్లావు కదా."

"కంట్లో చుక్కలు వేసి గంటన్నర కళ్లు మూయించి కూర్చోబెట్టారు. మా చెల్లెలు చెయ్యి పట్టుకుంటే గానీ గుమ్మం దాటలేకపోయాను. మరి ఆ టైములో ఓటెలా వేశాను?"

పేపరు ఇంకాస్త పైకి లేచింది. దాని వెనకనుంచి, "ఎలాగూ నువ్వు ఉంచాలనే అనేదానివి" అని వినపడింది.

"నేనేం అంటానో మీకెవరు చెప్పారు?"

నలభై నాలుగేళ్ల కాపురంలో ఆ ప్రశ్న ఆమె అడగడం అదే మొదలు. ఆదివారం దాకా ఇద్దరి మధ్యా ఉప్పు అందుకోండి, తలుపు వెయ్యండి తప్ప మాట లేదు. ఇంతకుముందు కూడా ఇలా ఎన్నిసార్లు చేశాడో అని ఆమె తన పాత దిద్దుబాట్ల జాబితా పైనుంచి కిందికి వెతికింది. రెండు వేలు చూసేసరికి తలనొప్పి వచ్చింది. అన్నీ తనవిలాగే ఉన్నాయి. ఉన్నాయా?

లైబ్రరీ మేడ మీద పొడవాటి బల్ల, చుట్టూ ఎనిమిది కుర్చీలు, గోడకి ఆగిపోయిన ఫ్యాను. లైబ్రేరియను నిర్వాహకురాలు కూడా, ఖాతాలు ఆపడం, విడిచిపెట్టడం ఆమె చేతిలో ఉంది. మెత్తటి మనిషి. ఓవర్సీరు వెనక ఒక ముసలావిడ మెట్లెక్కి రావడం చూసి తాళాలాయన నవ్వాడు. ఇంటినుంచి ఎవర్ని వెంటబెట్టుకొచ్చినా లాభం లేదని ఓవర్సీరుతో అన్నాడు. లైబ్రేరియను ఆమెకి కుర్చీ వేసి, మీరే ఐదోక్లాసు అనడానికి ఏదైనా చూపించగలరా అని నొచ్చుకుంటూ అడిగింది. పాత పోట్లాటలు చెప్పి లాభం లేదు, అవన్నీ ఎవరైనా చదవగలిగినవే.

ఆమె తాళాలాయన వైపు తిరిగింది.

"మీ నాన్న తాళంచెవుల బొమ్మలు వేసుకున్న పుస్తకం ఊడిపోతోందని నాకు విడిగా ఉత్తరం రాశావు కదా నాయనా. ఏ సూది, ఏ దారం, ఎన్ని కన్నాలు, అన్నీ చెప్పాను. కుట్టావా, నేను వద్దన్న ప్లాస్టిక్ టేపే వేశావా?"

తాళాలాయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"టేపే వేశానమ్మా" అన్నాడు.

"నాకు తెలుసు. నువ్వు ఓపికలేని మనిషివి."

అందరూ ఒక్కసారి నవ్వేశారు. తాళాలాయన లేచి తన కుర్చీ ఆమె దగ్గరికి లాక్కుని, ముందు ప్రొఫెసరనుకున్నాను, తరవాత ఓవర్సీరు గారే అనుకున్నానమ్మా, క్షమించాలి అన్నాడు. లైబ్రేరియను మొహం తేటపడింది. ఇద్దరు మనుషులు, రెండు ఖాతాలు, అభియోగం కొట్టేస్తున్నానని రాసుకోబోయింది. ఓవర్సీరు గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. అక్కడితో అయిపోయేదే. ఆమె కాసిని మంచినీళ్లు తాగి ఇంటికి వెళ్తే పేరు దక్కేది, మొగుడి పరువు దక్కేది, నీళ్లలో దిగని ఇంజనీరు కూడా దర్జాగా నిలబడి ఉండేవాడు.

"రాయకమ్మా, ఆగు" అంది. "మనిషిని నేనే. ఆ ఓటు నాది కాదు."

ఎవరిదో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా ఓవర్సీరు తల దించుకున్నాడు. ఇప్పుడు వెయ్యనిస్తే తొలగించాలనే వేస్తానని, ఆ సంచికలో ఆ పేజీలు రాసిన చెయ్యీ, ఈ వ్యాసం రాసిన చెయ్యీ ఒకటేనని ఆమె చెప్పింది. నీళ్లలో నిలబడిందెవరో మాత్రం చెప్పలేదు. అది ఆయన సొత్తు, ఆయన ఎవరికిచ్చుకుంటే ఏం.

లైబ్రేరియను చాలాసేపు కలం మూత తీస్తూ పెడుతూ ఉంది. వేరే చెయ్యి పడిన ఖాతాని ఆపకుండా వదిలితే రేపు ఎవరినీ ఆపలేమని, నిబంధన తను పెట్టింది కాదని మెల్లగా చెప్పింది. ఆ ఖాతా తనొక్కదానిదేనని అర్జీ రాసుకుంటే పరిశీలిస్తారట.

"నేను నేనేనని నేను అర్జీ పెట్టుకోవాలా తల్లీ? రాయాల్సిన మనిషి అదిగో, ఆ కుర్చీలో ఉన్నాడు."

సాయంత్రం ఓవర్సీరు తన ఖాతాలో రాయడానికి కూర్చున్నాడు. ఆమె వెనక స్టూలు వేసుకుంది. సంజాయిషీలు రాయించుకోవడమే తప్ప రాయడం అలవాటు లేని మనిషి, నాలుగు వాక్యాలకి గంట పట్టింది. 'ఐదోక్లాసు నా భార్య. ఆమె రాతల్లో నాకు భాగం లేదు. ఆ శుక్రవారం పొరపాటున ఆమె ఖాతాలో నేను అభిప్రాయం రాశాను. వీడ్కోలు సంచికలోని వ్యాసం కూడా నేను రాసిందే.'

"పొరపాటున అన్నది తీసెయ్యండి."

"అదొక్కటి ఉండనీయవే."

"ఆధారం ఏది?"

ఆయన ఆ మాట చెరిపి, భద్రపరిచే మీట నొక్కాడు. పెద్ద ఇంజనీరు వ్యాసం మూడో రోజు పోయింది. ఓవర్సీరు ఖాతా మూడు నెలలు ఆపారు. ఐదోక్లాసుని పన్నెండు రోజులకి విడిచారు. విడిచిన మొదటి పొద్దున తాళాలాయన ఆమె రాసిన 'జిగురు' వ్యాసంలో మూడు తప్పులు పట్టుకుని, స్వాగతం అని పెట్టాడు.

ఇప్పుడు ఆమె పళ్లు తోముకోకముందే తన దిద్దుబాట్ల జాబితా తెరిచి, నిన్నటివన్నీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంటుంది. మొన్నొక రోజు 'వానపాము' వ్యాసంలో ఒక వాక్యం కనపడింది. తను రాసినట్టు ఎంతకీ గుర్తు రాలేదు. ఓవర్సీరు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"ఏమండీ, వానపాము జోలికి వెళ్లారా?"

ఆయన సబ్బు నురగతోనే ఇటు తిరిగి, లేదన్నాడు. కళ్లలోకి చూసి చెప్పాడు. ఆమె నమ్మింది. నమ్మి, ఆయన మళ్లీ అద్దం వైపు తిరిగాక, పాస్‌వర్డు మార్చింది.