సిప్పీఘాట్‌లో కంటికి కనబడని మంట

పన్నెండేళ్లుగా కాకినాడలో పిల్లలకు సిన్‌గ్యాస్ మంట బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను. కళ్లతో చూసింది మాత్రం ఒక్కసారీ లేదు. అందుకే, కొబ్బరి చిప్పల నుంచి వాయువు తీసి జనరేటర్ నడపాలని చూస్తున్న సామ్సన్ అనే మెకానిక్ పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫోన్‌లో సందేహాలు అడుగుతుంటే, జవాబులు చెప్పడం మానేసి టికెట్ తీసుకున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో పొద్దున ఏడింటికి బస్సెక్కితే గరాచర్మ మీదుగా ఎనిమిది లోపే సిప్పీఘాట్ చేరవచ్చు. టికెట్ ఖర్చు టీ సమోసాలకు మించదు. సామ్సన్ షెడ్డుకు దారి అడిగితే, "చిప్పల ఇంజన్ దగ్గరకా మేడమ్? ఉధర్ పొగే పొగ, కరెంటు నై!" అని కండక్టర్ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

షెడ్డులో ఉన్నది చర్చి ఆడవాళ్లు కలిసి నడిపే కొబ్బరినూనె గానుగ. వాళ్ల పెద్ద రాజమ్మ, సామ్సన్‌కు పిన్ని. "ఈయాల నడవకపోతే పిన్ని దీన్ని పాత ఇనుము కింద కబాడీకి ఇచ్చేస్తాదండి. ఫిర్ వహీ డీజిల్. మూడేళ్ల పని ఖతం" అన్నాడతను, ముఖం వేలాడేసుకుని.

"నడవకపోతే ఏటి, నెత్తిన పెట్టుకోమంటావా?" అంది రాజమ్మ.

ఇనప పీపాలో చిప్పలు పోసి, గాలి చాలీచాలకుండా పంపి కాలిస్తే హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు వస్తుంది; అదే సిన్‌గ్యాస్. దాన్ని ఇంజనుకు పంపే ముందు, షెడ్డు బయటికి పెట్టిన గొట్టం చివర వెలిగించి చూస్తారు. సామ్సన్ వెలిగించాడు. పసుప్పచ్చ మంట గొట్టాన్ని వదిలి పైకెగిరి ఆరిపోయింది. నేను పంతులమ్మ దర్జాతో గాలి తగ్గించమన్నాను, పెంచమన్నాను. నాలుగుసార్లూ ఆరింది. తేమ ఉంటే మంట ఇలాగే నీరసిస్తుంది. చిప్పలు తడిగా ఉన్నాయా అంటే, "వారం నుంచి ఎండలోనే ఉన్నాయండి" అన్నాడు.

వెనకాల ఎండబెట్టిన చోటికెళ్లి చూశాం. చిప్పలన్నీ వరసగా, ముచ్చటగా, వెల్లకిలా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ముందురోజు వాన నీళ్లు! రాజమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నేనే పెట్టినాన్రా! కొబ్బరి ఎండబెట్టే ఆదత్ కదా, అలాగే పెట్టేసినాను."

కొబ్బరి ఎండేసేటప్పుడు చెక్క లోపలి వైపు ఎండ తగిలేలా వెల్లకిలా పెడతారు. బోర్లించాల్సిన ఖాళీ చిప్పలకూ ఆవిడ చేతులు అదే పని చేశాయి.

కొట్టు అటక మీద పొడి చిప్పలున్నాయని గుర్తొచ్చి ఆవిడే బుట్టలకెత్తింది. పదకొండున్నరకు మళ్లీ వెలిగించాం.

"మంటేదిరా?" అంది రాజమ్మ. ఎండలో నాకూ ఏమీ కనబడలేదు. సామ్సన్ ఈనెపుల్ల ఒకటి గొట్టం ముందు పెట్టాడు. భగ్గున అంటుకుంది! చీర కొంగు అడ్డం పట్టి నీడలో చూస్తే లేత నీలం మంట, గొట్టాన్ని అంటిపెట్టుకుని, కదలకుండా ఉంది. సంతోషం పట్టలేక ఈల వేశాను. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది, జనరేటర్ కరెంటుతో గానుగ తిరిగింది.

"స్తోత్రం!" అని అరిచింది రాజమ్మ. "ఒరే, ఆ కబాడీ భయ్యాకి ఫోన్ చెయ్. డీజిల్ ఇంజన్ తీసుకుపొమ్మను!" సామ్సన్ ఏడుస్తూ నవ్వాడు.

తేమ గురించి నేను క్లాసులో గంటల తరబడి చెబుతాను. చిప్ప ఎలా పెట్టారో చూడాలని మాత్రం తోచలేదు. తిరుగు ప్రయాణంలో అదే కండక్టర్ "కరెంటు వచ్చిందా?" అని అడిగితే, ఇంకా గోరువెచ్చగా ఉన్న నూనె సీసా అతని చేతిలో పెట్టాను. ఈసారి నవ్వు నాది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఆ వాయువు విషం, కాబట్టి గాలి వచ్చే వైపే నిలబడండి. మంట కనబడలేదు కదా అని చెయ్యి మాత్రం పెట్టకండి. రాజమ్మను అడిగితే చీపురులోంచి ఈనెపుల్ల లాగి, ఆవిడే ముట్టించి చూపిస్తుంది.