మా బావికి శీను ఇచ్చిన మాట

నిన్న పొద్దున హైదరాబాద్ నుంచి ఫోన్. శీను పోయాడట. హార్ట్ ఎటాక్.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

చేస్తానన్న పని చేయకుండా ఎట్ల పోతావు రా?

శీను నా స్కూల్ ఫ్రెండ్. గద్వాలలో మా పక్కిల్లే. వాళ్లది మగ్గం, మాది నూలుకు రంగులేసే పని. తొంభైల్లో వాడు కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా పెరటి బావి నీళ్లు ఎర్రబడ్డాయి. మా రంగునీళ్లే భూమిలోకి ఇంకి అందులో కలిశాయి. బావి పూడ్పించేద్దాం అనుకున్నాం. అమ్మకేమో ఆ నీళ్లు తాగితే తప్ప దాహం తీరదు.

వాడు ఒక తెల్ల పొడి తెచ్చాడు. టైటానియం డయాక్సైడ్ అన్నాడు. ఎండ తగిలితే అది నీళ్లలో రంగును విరగ్గొట్టేస్తుందట. మొదటిసారి రంగు పోయింది గానీ, పొడి అడుక్కి దిగక నీళ్లు పాలలాగా ఉండిపోయాయి. అమ్మ పడీపడీ నవ్వింది.

పంతం పట్టి అదే పొడిని కొబ్బరిచిప్ప బొగ్గుకు పట్టించి మళ్లీ తెచ్చాడు. మిద్దె మీద స్టీల్ ట్రేలో బావినీళ్లు పోసి ఎండకు పెట్టాం. సాయంత్రానికి పొడి అడుగున, పైన తేట నీళ్లు.

అమ్మ ఊరికే నమ్మే మనిషి కాదు. తెల్ల నూలు దారం కట్ట, మేం చిలప అంటాం, ఒకటి తెచ్చి ముంచింది. నీళ్లలో రవ్వంత రంగున్నా నూలు పట్టేస్తుంది, రంగులవాళ్ల టెస్ట్ అదే. చిలప ఆరాక కూడా తెల్లగానే ఉంది.

"బావి పూడ్పియ్యకు పెద్దమ్మా. ఎండకాలం వచ్చి మొత్తం గిట్లనే చేస్త" అన్నాడు శీను.

ఆ మాటకు గుర్తుగా అమ్మ ఆ చిలపను బావి గిరకకు కట్టింది.

ఎండాకాలం వచ్చింది. వాడు రాలేదు. డాక్టరేట్ వచ్చింది, లెక్చరర్ జాబ్ వచ్చింది.

తర్వాత వనపర్తిలో ఒక సెమినార్‌లో మాట్లాడుతున్నాడని తెలిసి సంబరంగా పోయి వెనక కూర్చున్నాను. స్లైడ్ మీద మా బావి. పక్కన చిలప పట్టుకుని మా అమ్మ. ఈ ఫ్యామిలీ ఇప్పుడు ఈ బావినీళ్లే తాగుతోంది అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఆ పొద్దున కూడా అమ్మ వీధి నల్లా దగ్గర లైన్లో నిలబడింది.

బయట నిలదీశాను. నవ్వి భుజం మీద చెయ్యేశాడు. "ట్రేల అయింది బావిల కాదా రా? వచ్చి చేస్త, పరేషాన్ గాకు."

ఆ అబద్ధం కన్నా ఆ చెయ్యి ఎక్కువ మండింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పి, బావి పూడ్పిద్దాం అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "అంతమంది ముందల అన్నడంటే చేస్తడు తియ్" అంది. చిలప మాసినప్పుడల్లా కొత్తది కడుతూనే ఉంది.

చేతగానోడివైతే ఎప్పుడో మర్చిపోయేవాణ్ని శీనూ. నీకు వచ్చు. నా కళ్లతో చూశాను.

నిన్న సాయంత్రం అమ్మకు చెప్పాను. పెరట్లోకి పోయి గిరకకున్న చిలపను పట్టుకుంది. తర్వాత అడిగింది.

"మరి బావి?"

ఏం చెప్పాలి రా?

వెళ్లు. నీకు ప్రశాంతత దొరకాలి, మనసారా అంటున్నా. నా కోపం మాత్రం పోలేదు.